ఇంటిపేరు – వంశవృక్షం – డి.ఎన్.ఎ.: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేపథ్యంలో పరిశోధన పద్ధతి

వ్యాససంగ్రహం:

తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్లు, పూర్వీకులు, పదవులు, వృత్తులు, చెట్టుచేమలు కనిపిస్తాయి. ఇంటిపేరు మూలాన్ని వెతికే పని ఇంతవరకు ప్రధానంగా భాషాశాస్త్రం, గ్రామనామ పరిశీలన, శాసన పరిశీలన పరిధిలో సాగింది. ఇటీవల డి.ఎన్.ఎ. పరీక్షలు అందుబాటులోకి రావడంతో కుటుంబాలు తమ మూలాలను ఆ దారిలో కూడా వెతుకుతున్నాయి. ఈ రెండు రకాల ఆధారాలు చెప్పే విషయాలు వేరు. ఇంటిపేరు సామాజిక వారసత్వాన్ని తెలుపుతుంది. వై క్రోమోజోమ్ పితృపరంపరలోని జీవవారసత్వాన్ని తెలుపుతుంది. రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఉదాహరణలతో వివరించడం, ఇంటిపేరు రకాన్ని బట్టి జన్యుపరీక్ష నుంచి ఏమి ఆశించవచ్చో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇంటిపేరు, ఔపవిభక్తికం, గ్రామనామం, వంశవృక్షం, కైఫియతు, వై క్రోమోజోమ్, దత్తత, మేనరికం.

1. ప్రవేశిక:

తెలుగునాట ఇంటిపేరు వ్యక్తిపేరుకు ముందు వస్తుంది. "మీ ఇంటిపేరేమిటి?" అన్న ప్రశ్న తరువాత సాధారణంగా "ఏ ఊరివారు?" అన్న ప్రశ్న వస్తుంది. ఇంటిపేరుకూ ఊరికీ ఉన్న సంబంధం జనవ్యవహారంలో అంత బలంగా నిలిచింది. ఒకే కులంలో ఒకే ఇంటిపేరున్నవారు తమను అన్నదమ్ముల వరసగా భావించి వియ్యమందరు. అంటే ఒకే ఇంటిపేరున్నవారందరూ ఒకే మూలపురుషుని సంతతి అనే విశ్వాసం వివాహనియమంలోనే ఇమిడి ఉంది. ఈ విశ్వాసం ఎంతవరకు జీవసత్యం, ఎంతవరకు సామాజిక ఒప్పందం అన్నది ఇంటిపేర్ల పరిశోధనలో ముఖ్యమైన ప్రశ్న.

యార్లగడ్డ బాలగంగాధరరావు గ్రామనామాలను, ఇంటిపేర్లను విస్తృతంగా పరిశీలించారు. కేతు విశ్వనాథరెడ్డి 'కడప ఊర్ల పేర్లు' ద్వారా ఒక జిల్లా గ్రామనామాలను శాస్త్రీయంగా వర్గీకరించే మార్గం చూపారు. ఈ కృషి ఇంటిపేరులోని మాటకు మూలాన్ని చెప్పగలదు. ఆ మాటను ధరించిన మనుషులు ఒకే మూలం వారా కాదా అన్నది వేరే ప్రశ్న. దానికి వంశవృక్షమూ, జన్యు ఆధారమూ కావాలి.

2. ఇంటిపేరు నిర్మాణం:

2.1 ఊరిపేరు ఇంటిపేరుగా మారే తీరు:

ఊరిపేరు ఇంటిపేరైనప్పుడు తరచుగా ఔపవిభక్తిక రూపాన్ని పొందుతుంది. 'ఇల్లు–ఇంటి', 'నాడు–నాటి' అనే మార్పుల వరుసలోనే 'పాడు' అనే ఉత్తరపదం 'పాటి'గా, 'ఊరు' 'ఊరి'గా, 'చేడు' 'చేటి'గా, 'పర్రు' 'పర్తి'గా, 'కల్లు' 'కంటి' లేదా 'గంటి'గా మారుతాయి. వేమూరు నుంచి వేమూరి, కారంచేడు నుంచి కారంచేటి, పాలపర్రు నుంచి పాలపర్తి ఏర్పడినవి. దుగ్గిరాల, నాదెండ్ల వంటివి మార్పు లేకుండానే నిలుస్తాయి. కనుక ఇంటిపేరు మూలాన్ని వెతికేవారు ముందుగా ఈ మార్పును వెనక్కి తిప్పి ఊరి రూపాన్ని రాబట్టాలి.

1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు ఇంటిపేరు ఇందుకు మంచి ఉదాహరణ. 'కొడవటిగంటి' వెనుక కనిపించే ఊరు కొడవటికల్లు. అది కృష్ణకు ఆవలివైపున ఉంది. వ్యక్తి తెనాలివాడు, ఇంటిపేరు మరో తీరానిది. ఇంటిపేరులోని ఊరు కుటుంబం నివసించే ఊరు కానక్కరలేదు. సాధారణంగా అది కుటుంబం విడిచివచ్చిన ఊరు. అందరూ ఒకే ఊరివారైనచోట ఊరిపేరు ఎవరినీ ప్రత్యేకించి చూపదు. వేమూరులో ఉన్నంతకాలం 'వేమూరివారు' అనవలసిన అవసరం రాదు. మరో ఊరికి వెళ్లినప్పుడే ఆ పేరుకు గుర్తింపు విలువ ఏర్పడుతుంది. అందువల్ల గ్రామనామమూలకమైన ఇంటిపేరును వలసకు సాక్ష్యంగా చదవాలి.

2.2 ఒకే పేరున్న ఊళ్లు, ఒకే ఇంటిపేరున్న కులాలు:

తెనాలి పక్కన దుగ్గిరాల ఉంది, ఏలూరు చేరువలో మరో దుగ్గిరాల ఉంది. చీరాల–పేరాల ఉద్యమనాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928) పుట్టినది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. ఇంటిపేరును మాత్రమే చూసి ఆ కుటుంబం ఏ దుగ్గిరాల నుంచి బయలుదేరిందో చెప్పడం సాధ్యం కాదు. గోత్రం, శాఖ, ఇనాము భూముల వివరం, వియ్యమందిన కుటుంబాల ఊళ్లు కలిపి చూసినప్పుడే అది తేలుతుంది.

మరొక సమస్య ఒకే ఇంటిపేరు భిన్న కులాలలో ఉండడం. 16వ శతాబ్దిలో కొండవీటిని పాలించిన నాదెండ్ల గోపమంత్రి, మాదయగారి మల్లన 'రాజశేఖరచరిత్రము'ను అంకితం పొందిన నాదెండ్ల అప్పామాత్యుడు నియోగి బ్రాహ్మణులు. ఇదే ఇంటిపేరు నేడు తెనాలి ప్రాంతపు వ్యవసాయ కుటుంబాలలోనూ ఉంది. రెండు వర్గాలకూ మూలం నరసరావుపేట సమీపంలోని నాదెండ్ల గ్రామమే కావచ్చు. ఊరు ఒకటి కావడం వల్ల రక్తసంబంధం ఉన్నట్టు కాదు. ఇంటిపేరు సామ్యాన్ని చూసి వంశసామ్యాన్ని ఊహించే వ్యాసాలు తరచుగా పొరబడేది ఇక్కడే.

2.3 పదవి, పూర్వీకుడు:

పదవిని బట్టి వచ్చిన ఇంటిపేర్లకు తిక్కన ఇంటిపేరైన 'కొట్టరువు'ను ఉదాహరణగా చెప్పుతారు. ధాన్యాగారానికి సంబంధించిన అధికారం దాని మూలమని వివరణ. తిక్కన తాత మంత్రిభాస్కరుడు గుంటూరు విభుడు కావడం వల్ల ఈ ఇంటిపేరుకు ఈ ప్రాంతంతోనూ సంబంధం ఉంది. కరణం, దేశాయి వంటివి కూడా పదవుల నుంచి వచ్చినవే.

పూర్వీకుని పేరును బట్టి వచ్చినవాటిలో '-నేని' ముగింపు గలవి ప్రధానం. 'నాయుడు' శబ్దపు ఔపవిభక్తిక రూపమైన 'నాయని' కాలక్రమంలో 'నేని' అయింది. ఒక నాయుని సంతతి అని దాని అర్థం. ఊరిపేరు ఎందరికైనా ఇంటిపేరు కాగలదు. పూర్వీకుని పేరు మాత్రం సిద్ధాంతరీత్యా ఒకే మూలపురుషుణ్ణి సూచిస్తుంది. జన్యుపరీక్ష విషయంలో ఈ భేదం కీలకమవుతుంది.

3. వంశవృక్షానికి ఆధారాలు:

3.1 శాసనాలు:

భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలలో లభించిన ధాతుకరండాల మీది బ్రాహ్మీ లేఖనాలలో దాతల పేర్లు ఉన్నాయి. ఒకచోట కుర అనే వ్యక్తితోపాటు అతని తండ్రి, తల్లి కూడా దాతలుగా ప్రస్తావనకు వచ్చారు. మనిషిని బంధుత్వంతో గుర్తించారే గాని, నేటి అర్థంలోని ఇంటిపేరు అక్కడ లేదు. చందవోలు రాజధానిగా 11, 12 శతాబ్దులలో పాలించిన వెలనాటి చోడుల కాలపు శాసనాలలోనూ, బాపట్ల భావనారాయణస్వామి ఆలయ శాసనాలలోనూ దాతను తండ్రిపేరుతో, బిరుదుతో, ఊరితో, పదవితో గుర్తించే పద్ధతి కనిపిస్తుంది. ఈ గుర్తింపులే తరాలు గడిచేకొద్దీ స్థిరపడి ఇంటిపేర్లయ్యాయి. కనుక ప్రాచీన శాసనంలో ఒక ఊరిపేరు పక్కన కనిపించిన వ్యక్తిని, ఆ ఊరిపేరును నేడు ఇంటిపేరుగా గల కుటుంబానికి మూలపురుషునిగా చూపడం నిరాధారం.

3.2 కైఫియతులు, రెవెన్యూ పత్రాలు:

కాలిన్ మెకంజీ (1754–1821) సేకరించిన గ్రామ కైఫియతులలో కరణాల మిరాశీ ఏ ఇంటిపేరువారికి, ఏ గోత్రంవారికి సంక్రమించిందో వివరాలుంటాయి. కాకతీయ గణపతిదేవుని కాలంలో గోపరాజు రామన్న కరణీకాలను పంచిపెట్టినట్టు గుంటూరు సీమ కైఫియతులు పదేపదే చెప్పుతాయి. దీన్ని హక్కును సమర్థించుకొనే సంప్రదాయ కథనంగా చదవాలి. కైఫియతు రాయించిన కాలానికి ఆ కుటుంబం ఆ ఊరిలో ఉన్నదనడానికి అది బలమైన సాక్ష్యం. ఆరువందల ఏళ్ల అవిచ్ఛిన్న పరంపరకు మాత్రం అది సాక్ష్యం కాదు.

పరిశోధకుడు గమనించవలసిన పరిపాలనా వివరం ఒకటుంది. 1859 నుంచి 1904 వరకు గుంటూరు ప్రత్యేక జిల్లాగా లేదు. ఆ కాలపు బాపట్ల, రేపల్లె తాలూకాల పత్రాలను కృష్ణా జిల్లా పేరు కింద వెతకాలి. 2022 ఏప్రిల్ 4 తరువాత బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోనూ, తెనాలి గుంటూరు జిల్లాలోనూ ఉన్నాయి. ఇనాం కమిషన్ 1860 ప్రాంతంలో తయారుచేసిన రిజిస్టర్లలో ఇనాందారుల పేర్లు, వారసత్వ వివరాలు దొరుకుతాయి. తరువాతి కాలానికి ఆర్.ఎస్.ఆర్., డైగ్లాట్, 10(1), అడంగల్, రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఉపయోగపడతాయి. 1984లో కరణీకవ్యవస్థ రద్దుకావడంతో ఊరి లెక్కలతోపాటు ఊరి కుటుంబాల చరిత్రను నోటిమీద ఉంచుకొన్న ఒక వర్గం పాత్ర కూడా ముగిసింది.

3.3 క్రతువులోని తరాలు:

పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు వధూవరులను ముత్తాత, తాత, తండ్రి పేర్లతో పేర్కొంటారు. తర్పణంలో పితృవర్గం మూడు తరాలతోపాటు మాతామహవర్గం మూడు తరాలూ వస్తాయి. దస్తావేజులలో స్త్రీలు 'ఫలానావారి భార్య'గా మాత్రమే మిగిలిపోగా, తర్పణంలో తల్లి, నాయనమ్మ, తాతతల్లి పేర్లు నిలుస్తాయి. మాతృవంశాన్ని గుర్తించడానికి ఇది అరుదైన ఆధారం. గయ, కాశీ పండాల వహీలు కూడా యాత్రికుల తరాలను నమోదు చేసినవే.

3.4 ఆశ్రితకులాల కథనం, చర్చి రిజిస్టర్లు:

భూమి ఉన్నవారికి పత్రం ఉంటుంది. భూమి లేనివారి చరిత్రను పత్రాలలో వెతికితే నిశ్శబ్దమే ఎదురవుతుంది. ఆ లోటును కొంతవరకు తీర్చినవి మౌఖిక సంప్రదాయాలు. పిచ్చుగుంట్లవారు వ్యవసాయ కులాల గోత్రాలను, ఇంటిపేర్లను గానం చేశారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు కులకథకులు. వారి కథనంలో పురాణమూ, వంశావళీ కలిసి ఉంటాయి. రెండింటినీ విడదీసి చదవడం పరిశోధకుని బాధ్యత.

దళిత క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లు ముఖ్యమైనవి. 1842లో హయ్యర్ గుంటూరులో లూథరన్ మిషన్‌ను ప్రారంభించారు. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. బాప్తిస్మం, వివాహం, సమాధి పుస్తకాలలోని నమోదులు రెవెన్యూ పత్రాలలో కనిపించని కుటుంబాలకు మొదటి లిఖిత సాక్ష్యం కాగలవు. బాప్తిస్మంతో వ్యక్తిపేరు మారినప్పటికీ ఇంటిపేరు సాధారణంగా నిలిచి ఉంటుంది. ఈ పుస్తకాలను చెదల పాలు కాకుండా డిజిటల్ రూపంలోకి మార్చడం అత్యవసరం. అవి పోతే ఈ కుటుంబాల 19వ శతాబ్ది చరిత్రను మరో పత్రం నుంచి తిరిగి రాబట్టే అవకాశం చాలా తక్కువ.

3.5 తెగిన చోట్లు:

1832–33 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత మెట్టప్రాంతాల నుంచి డెల్టాకు వలసలు పెరిగాయి. ఈ రెండు ఘటనల వల్ల ఇప్పటి తెనాలి, రేపల్లె గ్రామాల కుటుంబాలలో అనేకం 19వ శతాబ్ది మధ్యకాలంలో ఊరు మారి ఉండే అవకాశం ఉంది. వంశవృక్షం ఐదారు తరాల దగ్గర ఆగిపోయినప్పుడు ఈ నేపథ్యాన్ని గుర్తుంచుకోవాలి.

4. డి.ఎన్.ఎ. ఏమి చెప్పుతుంది?

ఈ పనికి మూడు రకాల పరీక్షలు ఉపయోగపడతాయి.

మొదటిది వై క్రోమోజోమ్ పరీక్ష. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే, దాదాపు మార్పు లేకుండా సంక్రమిస్తుంది. తెలుగు ఇంటిపేరు కూడా తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించేదే. కాబట్టి ఇంటిపేరు పరిశోధనకు నేరుగా పనికివచ్చేది ఇదే. స్త్రీలకు వై క్రోమోజోమ్ ఉండదు కనుక వారు తండ్రినో, సోదరునో, పినతండ్రి కుమారునో పరీక్షకు అడగవలసి ఉంటుంది.

రెండవది మైటోకాండ్రియా పరీక్ష. 16,569 అక్షరాల ఈ చిన్న డి.ఎన్.ఎ. తల్లి నుంచి బిడ్డలందరికీ వస్తుంది. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి అనే వరుసను ఇది చూపుతుంది. ఈ వరుసలో ఇంటిపేరు ప్రతి తరంలోనూ మారుతుంది.

మూడవది మిగిలిన 22 జతల క్రోమోజోములకు చెందిన ఆటోసోమల్ పరీక్ష. ముత్తాత, ముత్తవ్వ ఒకరే అయిన ఇద్దరు దాయాదుల మధ్య సగటున 3 శాతం డి.ఎన్.ఎ. ఉమ్మడిగా ఉంటుంది. ఇరువైపులా ఒక్కో తరం దాటేకొద్దీ ఇది నాలుగో వంతుకు తగ్గుతుంది. ఐదారు తరాలలోపు బంధుత్వానికే ఇది నమ్మదగినది.

బ్రయాన్ సైక్స్, కేథరిన్ ఇర్వెన్ 2000లో ప్రచురించిన పరిశోధన ఇంటిపేరు–వై క్రోమోజోమ్ అధ్యయనాలకు నాంది పలికింది. సైక్స్ ఇంటిపేరు గల 48 మంది ఇంగ్లండు పురుషులలో దాదాపు సగం మందికి ఒకే వై నమూనా ఉన్నట్టు అది తేల్చింది. 2009లో కింగ్, జాబ్లింగ్ 40 బ్రిటిష్ ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరిశీలించారు. అరుదైన ఇంటిపేర్లలో ఒకే మూలం స్పష్టంగా కనిపించింది. 'స్మిత్' వంటి సర్వసాధారణమైన వృత్తినామంలో మాత్రం ఆ ఇంటిపేరువారి మధ్య సామ్యం, యాదృచ్ఛికంగా ఎంచుకొన్న మనుషుల మధ్య సామ్యం కన్న ఎక్కువగా లేదు.

5. ఇంటిపేరు రకం – జన్యు అంచనా:

పై ఫలితాలను తెలుగు ఇంటిపేర్ల వర్గీకరణకు అన్వయిస్తే కింది అంచనాలు ఏర్పడతాయి.

(అ) పూర్వీకుని పేరు మూలమైన ఇంటిపేర్లు: ఒకే కులంలో, పరిమిత ప్రాంతంలో ఉన్నప్పుడు ఒకే వై నమూనా ప్రధానంగా కనిపించాలి. కనిపించకపోతే, ఒకే పేరుగల పూర్వీకులు వేర్వేరుచోట్ల ఉండడమో, పరంపరలో దత్తత జరగడమో కారణం కావచ్చు.

(ఆ) గ్రామనామ మూలకాలు: ఒకే ఊరి నుంచి వేర్వేరు కాలాలలో బయలుదేరిన కుటుంబాలు ఒకే పేరు పొందుతాయి. కనుక రెండు, మూడు లేదా అంతకు మించిన వై గుంపులు రావడం సహజం. ప్రతి గుంపూ ఒక వలసదారుని సూచించవచ్చు.

(ఇ) పదవి, వృత్తి మూలకాలు: 'స్మిత్' వలెనే వీటిలోనూ ఏకమూలాన్ని ఆశించరాదు.

(ఈ) భిన్న కులాలలోని ఒకే ఇంటిపేరు: ప్రతి కులాన్ని వేరుగా పరీక్షించి, ఆ తరువాతనే పోల్చాలి.

ఈ అంచనాలకు ఒక షరతు ఉంది. పోల్చడానికి అదే కులంలో, అదే ప్రాంతంలో వేరే ఇంటిపేర్లు గలవారి నమూనాలు తప్పనిసరి. దక్షిణ భారతంలో హెచ్, ఎల్, ఆర్ వంటి వై హాప్లోగ్రూపులు విస్తృతంగా వ్యాపించి ఉన్నాయి. ఇద్దరు పురుషులు ఒకే హాప్లోగ్రూపుకు చెందినంత మాత్రాన వారి ఉమ్మడి పూర్వీకుడు నాలుగు వందల ఏళ్ల క్రితంవాడు కానక్కరలేదు. వేల ఏళ్ల నాటివాడూ కావచ్చు. 'మా ఇంటిపేరువారం ఫలానా హాప్లోగ్రూపు' అన్న వాక్యం అందువల్ల ఇంటిపేరు చరిత్రకు ఏమీ చేర్చదు. ఎస్.టి.ఆర్. గుర్తులు, వాటికి తోడు సూక్ష్మమైన ఎస్.ఎన్.పి. పరీక్ష దగ్గరగా కలిసినప్పుడే చారిత్రక కాలపు బంధుత్వాన్ని చెప్పగలం.

6. ఇంటిపేరు, వై క్రోమోజోమ్ విడిపోయే సందర్భాలు:

6.1 దత్తత:

గుడిపాటి వెంకటచలం (1894–1979) పుట్టినప్పటి ఇంటిపేరు కొమ్మూరి. మాతామహుడు గుడిపాటి వెంకటరామయ్య దత్తత తీసుకోవడంతో ఆయన గుడిపాటివారయ్యారు. డిటెక్టివ్ నవలారచయిత కొమ్మూరి సాంబశివరావు చలానికి సోదరుని కుమారుడు. జన్యుశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, పెదతండ్రి, కుమారుడు వరస అయిన ఈ ఇద్దరి వై క్రోమోజోమ్ ఒకటే, ఇంటిపేర్లు రెండు. చలానికీ, గుడిపాటి వెంకటరామయ్యకూ ఇంటిపేరు ఒకటే, వై క్రోమోజోములు రెండు. అయినా మాతామహుడు కనుక ఇద్దరి మధ్య ఆటోసోమల్ బంధుత్వం బలంగా ఉంటుంది. వై పరీక్ష ఒక్కటే చేసిన పరిశోధకుడు 'రక్తసంబంధం లేదు' అని రాస్తే ఘోరమైన పొరపాటు జరుగుతుంది. కూతురి కొడుకును దత్తు తీసుకోవడం ఆంధ్రదేశంలో వాడుకలో ఉన్న పద్ధతి. అందుచేత మూడు పరీక్షలనూ కలిపి చదవడం ఇక్కడ మరింత అవసరం.

6.2 ఇల్లరికం:

మగసంతానం లేని ఇంట అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకోవడం, వ్యవసాయ కులాలలో ఇల్లటం అనే ఆచారం ప్రసిద్ధమైనవి. ఇల్లటపు అల్లునికి మామగారి ఆస్తిలో హక్కు వస్తుంది. జన్మకుటుంబపు హక్కు పోదు. ఇంటిపేరు ఎక్కువచోట్ల మారకపోయినా, ఊరివారు మామగారి ఇంటిపేరుతో పిలవడం వల్ల ఒకటి రెండు తరాలలో ఆ పేరే స్థిరపడే అవకాశం ఉంది. దస్తావేజులో ఆస్తి ఒక ఇంటిపేరు నుంచి మరో ఇంటిపేరుకు క్రయం లేకుండా మారినచోట ఇల్లరికాన్ని అనుమానించాలి.

6.3 లెక్క:

పశ్చిమ ఐరోపా పరిశోధనలలో, నమోదైన తండ్రికీ జీవసంబంధమైన తండ్రికీ భేదం తరానికి సుమారు 1 శాతంగా తేలింది. తరానికి 30 ఏళ్ల చొప్పున 600 ఏళ్లలో 20 తరాలు. తరానికి 1 శాతం తెగుదల చొప్పున 20 తరాల తరువాత 82 శాతం మందిలో మూలపురుషుని వై క్రోమోజోమ్ నిలుస్తుంది. దత్తత, ఇల్లరికం కలిసి ఆ తెగుదల తరానికి 5 శాతం అయిందనుకొంటే 36 శాతం మందిలోనే నిలుస్తుంది. అంటే ఏ అక్రమమూ లేకుండా, శాస్త్రసమ్మతమైన ఆచారాల వల్లనే, ఒక ఇంటిపేరువారిలో ఎక్కువమంది మూలపురుషుని వై క్రోమోజోమ్ లేనివారు కావచ్చు. పరీక్షాఫలితం కలవనప్పుడు కుటుంబంలోని ఒక స్త్రీ శీలాన్ని శంకించే ధోరణికి ఈ లెక్క తగిన సమాధానం.

7. మేనరికం, అంతర్వివాహం:

తెలుగునాట మేనరికాలు, మేనమామ–మేనకోడలి వివాహాలు తరతరాలుగా ఉన్నాయి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్లి జరిగితే, పుట్టిన బిడ్డకు ఎనిమిదిమందికి బదులు ఆరుగురే ముత్తాతలు, ముత్తవ్వలు ఉంటారు. అంతఃప్రజనన గుణకం మేనరికంలో 1/16, మేనమామ వివాహంలో 1/8. దీనివల్ల ఇద్దరి మధ్య ఉమ్మడి డి.ఎన్.ఎ. అసలు బంధుత్వానికి మించి కనిపిస్తుంది. ఐరోపా కుటుంబాల ప్రమాణంతో లెక్కవేసే సంస్థలు 'దగ్గరి దాయాదులు' అని చూపినవారు, తెలుగు కుటుంబాలలో ఎన్నో దారులలో కలిసిన దూరబంధువులు కావచ్చు. రెండు ఇంటిపేర్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం తరాలుగా సాగినచోట ఈ తికమక మరింత పెరుగుతుంది.

ఇదే విషయానికి వైద్యపరమైన కోణమూ ఉంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన 25 భారతీయ సమూహాలను పరిశీలించింది. ఆంధ్రదేశపు వైశ్యులు వేల ఏళ్లుగా దాదాపు పూర్తిగా అంతర్వివాహంలోనే ఉన్నారని అది చూపింది. 102 గోత్రాల సంప్రదాయాన్ని నిలుపుకొన్న ఈ సమాజంలో బ్యూటిరిల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఎక్కువ. ఈ లోపం ఉన్నవారికి శస్త్రచికిత్సలో ఇచ్చే సక్సినైల్‌కొలిన్ వంటి మందు ప్రభావం ప్రమాదకరంగా కొనసాగుతుంది. వంశచరిత్ర తెలుసుకోవడం ఇక్కడ ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలపై వచ్చిన అధ్యయనం ఇటువంటి స్థితి అనేక సమూహాలలో ఉన్నదని స్పష్టం చేసింది.

8. ప్రవాసాంధ్రుల అన్వేషణ:

1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు లక్షన్నర మందికి పైగా భారతీయులు వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఓడ పట్టికలలో వ్యక్తిపేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం ఉంటాయి. ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి లేదు. ఆ తరువాత తండ్రిపేరో, 'నాయుడు' వంటి కులసూచకమో అక్కడ ఇంటిపేరైంది. అసలు ఇంటిపేరు జారిపోయిన ఇటువంటి కుటుంబాలకు డి.ఎన్.ఎ. ఒక దారి చూపగలదు. అయితే పోల్చడానికి ఇక్కడి కుటుంబాల నమూనాలు ఉండాలి. అంతర్జాతీయ 1000 జీనోముల ప్రాజెక్టులో బ్రిటన్‌లోని తెలుగువారి నమూనాలు 102 ఉన్నాయి. అవి జనాభా అధ్యయనానికి ఉద్దేశించినవి. వాటి ఆధారంగా ఒక ఇంటిపేరునో, ఊరినో గుర్తించడం సాధ్యం కాదు. రేపల్లె తాలూకా నుంచి వెళ్లిన వ్యక్తి పట్టికలో కృష్ణా జిల్లావాడుగా నమోదై ఉంటాడన్నది కూడా గుర్తుంచుకోవాలి.

9. నైతిక, న్యాయ అంశాలు:

ఒక వ్యక్తి డి.ఎన్.ఎ. అతని ఒక్కడిదే కాదు. అతని సోదరుల, బిడ్డల, దాయాదుల సమాచారం కూడా అందులో ఉంటుంది. 23అండ్‌మీ సంస్థ నుంచి 2023లో సుమారు 69 లక్షలమంది వివరాలు బయటికి పొక్కాయి. అదే సంస్థ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరినప్పుడు వినియోగదారుల జన్యుసమాచారం ఎవరి చేతికి పోతుందన్న ఆందోళన కలిగింది. మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2019 నాటి డి.ఎన్.ఎ. నియంత్రణ బిల్లును 2023లో ఉపసంహరించారు. అదే ఏడాది వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఈ స్థితిలో విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షకు ముందే లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి. దత్తత వంటి అనుకోని విషయం బయటపడితే చెప్పాలా, వద్దా అన్నది కూడా ముందే అడిగి నమోదు చేయాలి.

కులం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1998లో ఆంధ్ర కులాల నమూనాలపై వచ్చిన ఒక జన్యు పరిశోధన, మైటోకాండ్రియా ఆధారంగా కులాల మధ్య స్త్రీల కదలిక జరిగిందని చూపింది. 2013లో 73 సమూహాలపై జరిగిన అధ్యయనం సుమారు 1,900 నుంచి 4,200 ఏళ్ల క్రితం వరకు భారతీయ సమూహాలు విస్తారంగా కలిసిపోయాయని తేల్చింది. వంశశుద్ధిని నిరూపించుకోవాలనే కోరికకు జన్యుశాస్త్రం ఆసరా ఇవ్వదు.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• గ్రామనామ మూలకమైన ఇంటిపేరు ప్రధానంగా వలసకు సాక్ష్యం. ఔపవిభక్తిక రూపం నుంచి ఊరిని రాబట్టిన తరువాత, అదే పేరుగల ఊళ్లన్నింటినీ పరిశీలించాలి.

• ఇంటిపేరు సామ్యం వంశసామ్యానికి చాలదు. ఇంటిపేరు, గోత్రం, కులం, ఊరు నాలుగూ కలిసినచోటనే పరీక్షించదగిన ప్రతిపాదన ఏర్పడుతుంది.

• డి.ఎన్.ఎ. పరీక్ష చివరి మెట్టు. ముందు మౌఖిక కథనం, క్రతువులోని పేర్లు, రెవెన్యూ పత్రాలు, చర్చి రిజిస్టర్లతో వంశవృక్షాన్ని నిర్మించాలి. ఆ వృక్షంలో అత్యంత దూరంగా ఉన్న రెండు శాఖల నుంచి ఒక్కొక్క పురుషుణ్ణి ఎంచుకొని వై పరీక్ష చేయాలి. ఇద్దరిదీ కలిస్తే, దత్తత వంటివి ఇతర ఆధారాలతో తేలనంతవరకు, వారి ఉమ్మడి పూర్వీకుని వరకు పరంపర నిలిచినట్టే.

• కలవనప్పుడు దత్తత, ఇల్లరికం, ఊరిపేరును విడివిడిగా స్వీకరించడం అనే కారణాలను మొదట పరిశీలించాలి.

• భూమిలేని కుటుంబాల చరిత్రకు ఆధారమైన చర్చి రిజిస్టర్లు, ఆశ్రితకులాల వంశగానాలు తక్షణం భద్రపరచవలసినవి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని ఇది.

దత్తుడు కూడా వంశోద్ధారకుడేనని తెలుగు సమాజం ఏనాడో అంగీకరించింది. పిండం పెట్టే హక్కునూ, ఇంటిపేరునూ అతనికి సంపూర్ణంగా ఇచ్చింది. జన్యుపరీక్ష ఆ ఒప్పందాన్ని రద్దు చేయజాలదు. ఎవరు ఎవరికి పుట్టారన్నది డి.ఎన్.ఎ. చెప్పగలదు. ఎవరు ఎవరిని తమవారిగా చేసుకొన్నారన్నది ఇంటిపేరు చెప్పుతుంది. ఇంటిపేర్ల చరిత్ర రాసే పరిశోధకుడు ఈ రెండింటినీ నమోదు చేయవలసి ఉంటుంది.